మెట్ట మండలానికి కోబాల్

ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకుందామనుకునే వాళ్ళు చాలామంది అసలు ఏమీ నేర్చుకోవడం లేదని ప్రభుత్వం సర్వే చేసి కనిపెట్టింది. వాళ్ళు చేసేదల్లా ముందు ఏ భాష నేర్చుకోవాలి అని అడుగుతూ తిరగడమేనట. ఒకడు పైథాన్ అంటాడు. ఇంకొకడు జావా అంటాడు. మూడోవాడు, సీ రాకపోతే మనిషే కాదంటాడు. ఈలోగా ఏడాది తిరిగిపోతుంది. అడిగినవాడు అడుగుతూనే ఉంటాడు, చెప్పినవాడు చెబుతూనే ఉంటాడు, ఇద్దరికీ ఏ భాషా రాదు.

ఇంతవరకూ ప్రభుత్వం చెప్పింది నిజమే. ప్రభుత్వం నిజం చెప్పినప్పుడే మనం జాగ్రత్తగా ఉండాలి.

ఈ వృథాను అరికట్టడానికి ప్రారంభకుల భాషా నిర్ణయ మండలి అని ఒకటి పుట్టింది. ఎవరు ఏ భాష నేర్చుకోవాలో ఇకమీదట మండలే తేలుస్తుంది. తేల్చేదాకా ఎవరూ ఏదీ నేర్చుకోకూడదు. నేర్చుకుంటే అది అనధికార అభ్యాసం. అందుకు శిక్ష, నేర్చుకున్నదాన్ని తుడిచెయ్యడం.

నేను అప్పటికే మొదలుపెట్టేశాను.

నాది నెమలిపేట. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. చదువు మా ఊరి బడిలో పదో తరగతి వరకు. నా భార్య సన్యాసమ్మ పోయాక బీపీ మాత్ర గుర్తుచేసే మనిషి లేకుండా పోయింది. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. అది మర్యాదగా మోగేది. మర్యాదగా చెబితే నేను ఏ పనీ చెయ్యను. ఆ సంగతి సన్యాసమ్మకు తెలుసు, ఫోన్ తయారుచేసినవాడికి తెలియదు. ఒకరోజు రైతుబజారులో కళ్ళు తిరిగి ఉల్లిపాయల బస్తాల మీద పడ్డాను. ఈసారి బస్తాలున్న చోటే పడతావని నమ్మకమేమిటి అన్నాడు డాక్టరు.

అందుకని, నన్ను తిట్టే ప్రోగ్రామ్ నేనే రాసుకుందామనుకున్నాను. భాష ఎంచుకోవడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. ఫోన్‌లో వెతికితే మొదట కనిపించిన వీడియో పైథాన్‌ది. అది నొక్కాను.

లైబ్రరీలో ఒక కంప్యూటరుంది. అక్కడ టైపు కొట్టడం అలవాటు చేసుకుని, రాసినదాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. మాత్ర వేళకు ఫోన్ మాట్లాడుతుంది. మింగాక తెర మీద ఒక మీట నొక్కాలి. నొక్కకపోతే కాసేపాగి మళ్ళీ మాట్లాడుతుంది. మాటలన్నీ సన్యాసమ్మవే, గుర్తున్నంతవరకు. మొదట, "ఏటయ్యా, మాత్ర మింగినావా నేదా?" అంటుంది. తరవాత, "నీకు సెప్పేకన్నా గోడకి సెప్పడం నయం" అంటుంది. అప్పటికీ నొక్కకపోతే, "సరే, పడిపో. మోసుకెల్లడానికి నలుగురొస్తారు. ఆళ్ళకి టీలు ఎవులు పెడతారు?" అంటుంది. గొంతు ఫోన్‌లో ఉండేదే. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా చదువుతుంది. తిట్టుకు గొంతుతో పనిలేదు.

అందులో తప్పులున్నాయి. కొన్ని రోజులు మింగినా తిడుతుంది. సన్యాసమ్మ కూడా అంతే కనుక దాని జోలికి పోలేదు. కానీ కొన్ని రోజులు అసలు నోరు విప్పదు. ఆ రోజుల్లో నేను మాత్ర మరిచిపోతున్నాను. అది సరిచెయ్యాలంటే ఇంకొంచెం నేర్చుకోవాలి. నేర్చుకుందామని లైబ్రరీకి వెళితే కీబోర్డు మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద లక్క సీలు వేసి ఉంది.

"ఏట్రా త్రినాథా ఇది, శవానికి కప్పినట్టు?" అన్నాను.

త్రినాథ లైబ్రేరియన్. నాకు మేనల్లుడి వరస. "మండలి వోళ్ళు ఏసి ఎల్లారు మావయ్యా. అనుమతి లేని మనిషి ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్ది."

"నాకు ఎలాగూ కొంచెం వచ్చు గదా."

త్రినాథ లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "ఆ మాట ఎక్కడా అనకు. మండలికి పెట్టే దరఖాస్తులో ఏమీ రానోళ్ళకి ఒక గడుంది, మండలి అనుమతితో నేర్చుకున్నోళ్ళకి ఒక గడుంది. కొంచెం వచ్చినోళ్ళకి గడి లేదు. నీకేటీ రాదు. అర్థమైందా?"

"నీ అత్త ఈ మాటే అనేది. డిగ్రీ చదివి నువ్వూ అక్కడికే వచ్చావు."

ఏమీ రాదన్న మాట మనం చెబితే చెల్లదు. తహసీల్దారు చెప్పాలి. దానికి అజ్ఞాన ధ్రువపత్రం అని పేరు. ఇద్దరు సాక్షులు కావాలన్నారు. వీధిలో అడిగితే ఆటోలో పట్టనంతమంది బయల్దేరారు. మా బావమరిది రామినాయుడు ముందుగా వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మా అక్కని నీకిచ్చిన దగ్గర్నుంచీ ఇదే మాట మొత్తుకుంటున్నాను, ఇన్నాళ్ళకి ఒక ఆఫీసు అడిగింది అని సంతోషపడ్డాడు.

తహసీల్దారు ఆఫీసులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణ చేశాడు.

"కంప్యూటర్ల గురించి మీకేం తెలుసు?"

"ఏమీ తెలియదండి."

"తెలియదని మీకు ఎలా తెలిసింది?"

నేను రామినాయుడి వైపు చూశాను. జవాబు చెప్పలేకపోయాడు కనుక ప్రాథమికంగా అర్హుడు అని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. రామినాయుడు తనను కూడా వివరంగా అడగమన్నాడు గానీ, లోపల తహసీల్దారు గారికి భోజనం వేళైంది. సంతకం అయిపోయింది. గుండ్రటి ముద్రతో, నాకు ఏమీ తెలియదని, ఆ స్థితి ఆరు నెలల వరకు చెల్లుతుందని ఇచ్చారు.

పత్రం ఉంటే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. పరీక్షలో ర్యాంకు, ర్యాంకును బట్టి కౌన్సెలింగ్, కౌన్సెలింగ్‌లో భాష.

మన దగ్గర పరీక్ష అన్న మాట గాలిలో పుట్టిన వారానికి కోచింగ్ సెంటరు నేల మీద పుడుతుంది. నెమలిపేటలో మూతపడ్డ సినిమా హాలు ఒకటుంది. దానికి సున్నం కొట్టి ఎంపిక కోచింగ్ మొదలెట్టారు. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ ఉన్నాయి. లాంగ్ టర్మ్ పిల్లలు హాస్టల్లో ఉండి, తెల్లవారుజామున లేచి, ఏ భాష ఎంచుకోవాలో ఏడాది పొడుగునా చదువుతారు. భాష మాత్రం చదవరు. అది సిలబస్‌లో లేదు. కంప్యూటరు కనిపిస్తే మనసు చెదురుతుందని కిటికీలకు పేపర్లు అంటించారు.

నేను షార్ట్ టర్మ్‌లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. లెక్చరరు చాలా ఉత్సాహవంతుడు. "నేర్చుకోవడం మీద ప్రేమ పెంచుకున్నవాడు పోయాడు. ఆప్షన్ మీద పెంచుకున్నవాడు నిలిచాడు" అనేవాడు. పిల్లలు రాసుకునేవారు.

"మీకే భాష వచ్చు మాస్టారూ?" అన్నాను ఒకరోజు.

"నేను ఎంపిక ఫ్యాకల్టీనండి" అన్నాడు. కోపం కూడా రాలేదు.

ఊళ్ళో ఉత్సాహం ముదిరింది. ముందు విడత పరీక్షలో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలతో బస్టాండు చుట్టూ ఫ్లెక్సీలు లేచాయి. మావాడికి జావాలో సీటొచ్చింది అని మిఠాయిలు పంచారు. సీటొచ్చినవాడు ఒక్క అక్షరం టైపు కొట్టకముందే సంబంధాలు వచ్చాయి. మా ఎదురింట్లో ఖాయమైన సంబంధం ఒకటి చెడింది. పిల్లాడిది జావా, పిల్లది సీ. జావా వాళ్ళు కొంచెం ఎక్కువ మాట్లాడతారని, సీ వాళ్ళకు ప్రతిదీ విడమరిచి చెప్పాలని, ఇద్దరికీ పొసగదని ఎవరో చెప్పారట. చెప్పినవాడికి రెండూ రావు.

నేను పరీక్ష రాశాను. భాషను ఎంచుకోవడానికి ముందు అభ్యర్థి చేయవలసినది ఏమిటి అని ఒక ప్రశ్న. ఆలోచించడం, పెద్దలను అడగడం, వేచి ఉండడం, పైవన్నీ. నేను పైవన్నీ పెట్టాను. ర్యాంకు వచ్చింది. నా ఫోటోతో కూడా ఫ్లెక్సీ వేస్తామని కోచింగ్ వాళ్ళు ఇంటికొచ్చారు. ఈ వయసులో ఫ్లెక్సీ వేస్తే నాకు దండ వేసినట్టే కనిపిస్తుంది, వద్దన్నాను.

కౌన్సెలింగ్ జిల్లా కేంద్రంలో జరిగింది. పెద్ద హాలు, గోడ మీద తెర, తెర మీద మిగిలిన సీట్లు. పొద్దున రమ్మని సాయంత్రం పిలిచారు. బల్ల వెనక జిల్లా భాషా నిర్ణయాధికారి నీలకంఠేశ్వరరావు గారు. మనిషి సన్నం, మాట వెడల్పు.

"దాలినాయుడు గారూ, తమ అభీష్టము ఏమి?"

"పైథాన్ ఇప్పించండి బాబూ."

"సాధ్యపడదు. పైథాన్ అనగా కొండచిలువ. నిపుణుల సంఘం యొక్క అధ్యయనం మేరకు ఈ విడత నుండి దానిని ఏజెన్సీ మండలాలకు కేటాయించడం జరిగినది. జావా ద్వీపము గనుక తీర మండలాలకు. సీ మిక్కిలి చిన్న భాష గనుక చిన్న, సన్నకారు రైతులకు."

"మాది మెట్టండి."

"మెట్ట మండలాలకు కోబాల్. చాలా పాత రకం. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది."

"కంప్యూటరు భాషకి నీళ్ళెందుకండి?"

"అందువలననే తట్టుకుంటుంది."

పక్కన కూర్చున్న గుమాస్తా నా వివరాలు ఎక్కిస్తున్నాడు. భార్యాభర్తలకు ఒకే భాష ఉండాలని నిబంధన. కుటుంబ సామరస్యం కోసమట.

"మీ ఆవిడది ఏ భాషండీ?"

"ఆవిడ పోయింది."

"పోయే నాటికి ఏ భాషలో ఉన్నారు?"

"కోపంలో ఉంది."

గుమాస్తా అధికారి వైపు చూశాడు. "దాఖలు కాలేదు అని రాయండి" అన్నారు ఆయన.

అప్పుడు నా జేబు మాట్లాడింది.

"ఏటయ్యా, మాత్ర మింగినావా నేదా?"

హాలంతా నా వైపు తిరిగింది. ఫోన్ తీసి మీట నొక్కాను. ఆ రోజు మీట పనిచెయ్యని రోజు. "నీకు సెప్పేకన్నా గోడకి సెప్పడం నయం" అంది. ఎవరూ నవ్వలేదు. గోడ పక్కన కూర్చున్న సూపరింటెండెంటు చొక్కా జేబు తడుముకుని మాత్రల అట్ట తీశాడు. వెనక వరసలో ఇంకో ఇద్దరు తీశారు. మంచినీళ్ళ సీసా చేతులు మారింది. నీలకంఠేశ్వరరావు గారు సొరుగు లాగి, మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు కోపం తెచ్చుకున్నారు.

"ఈ యంత్రము ఎవరు రచించినది?"

"నేనేనండి."

"ఏ భాషలో?"

అబద్ధమాడదామనుకున్నాను. వేరే భాష పేరు సమయానికి రాలేదు. "పైథాన్‌లో."

"అనగా మీకు వచ్చును."

"కొంచెం."

ఆ మాట అనగానే గుమాస్తా కలం కింద పెట్టేశాడు. ఎక్కడ రాయాలో అతనికి తెలియలేదు. త్రినాథ చెప్పిన గడి లేకపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

నీలకంఠేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. "మెట్ట మండలంలో నివసిస్తూ ఏజెన్సీ భాషను సాగుచేశారు. ఏమీ తెలియదని ప్రభుత్వ ముద్రతో ధ్రువపత్రము పొంది, తెలిసి ఉన్నారు. ధ్రువపత్రము రద్దు చేయడమైనది. ప్రారంభకులు కానివారు మండలి పరిధిలోనికి రారు."

"అయితే ఇంటికి పోతానండి."

"పోరాదు. మండలి పరిధిలోనికి రాకుండా నేర్చుకొనుట నేరము."

"పరిధిలోకి రావాలంటే?"

"ప్రారంభకులై ఉండవలెను."

"మరిచిపోతే చాలా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "మరిచినట్లు తహసీల్దారు ధ్రువీకరించవలసి ఉంటుంది."

చేతికి ఉత్తర్వు ఇచ్చారు. వచ్చే సోమవారం అధికారి మా ఇంటికి వచ్చి, పంచనామా చేసి, సదరు ప్రోగ్రామ్‌ను తన సమక్షంలో తుడిపించును.

బస్సులో వస్తూ లెక్క వేసుకున్నాను. అలారానికి నేను కదలను. మనిషిని పెట్టుకుందామంటే, నన్ను అంతలా తిట్టే చనువు ఉన్న మనిషి ఇప్పుడు ఎవరూ లేరు. పోనీ తుడిచేశాక మళ్ళీ రాసుకుందామంటే, రెండోసారి పట్టుబడితే ఫోన్ కనెక్షనే తీసేస్తామని ఉత్తర్వులో అడుగున ఉంది. ఉల్లిపాయల బస్తాలు అన్ని చోట్లా ఉండవు.

సోమవారం జీపు వచ్చింది. నీలకంఠేశ్వరరావు గారు, గుమాస్తా, ఇద్దరు బంట్రోతులు. సాక్ష్యానికి మళ్ళీ రామినాయుడే వచ్చాడు. ఈమధ్య అతనికి వేరే పని లేదు. అరుగు మీద కుర్చీలు వేశాను. బల్ల మీద ఫోన్ పెట్టారు. ఫోన్ చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు.

"తుడిపించండి" అన్నారు అధికారి.

నేను చెయ్యి చాపాను.

"మీరు ముట్టరాదు. మీకు అనుమతి లేదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా గొంతు తగ్గించాడు గానీ అరుగు చిన్నది, అందరికీ వినపడింది.

"సార్, ఏ భాషలో రాసిందో ఆ భాష కేటాయించబడిన ఉద్యోగే తుడవాలండి. రూలు."

"అయితే పైథాన్ ఉద్యోగిని పిలిపించండి."

"మన మండలిలో ఎవరికీ ఏ భాషా లేదు సార్. ఉద్యోగులకి ఏది ఇవ్వాలో తేల్చే ఉపసంఘం ఇంకా కూర్చోలేదు."

"మీకు?"

"నాకూ లేదండి. తమకూ..."

ఎండ అరుగు మీదికి పాకింది. బంట్రోతులు కుర్చీలు వెనక్కి జరిపారు, సుద్దగీత జరపలేకపోయారు. ఫోన్ ఎండలో ఉండిపోయింది. అది కాలిపోతే కేసు తీరిపోతుందని ఒక బంట్రోతు అన్నాడు. దానికి అగ్నిమాపక శాఖ నివేదిక కావాలన్నాడు గుమాస్తా.

"ఫోన్ పట్టుకెళ్ళిపోకూడదేటి?" అన్నాడు రామినాయుడు.

"ఉత్తర్వు ప్రోగ్రామ్ మీద. ఫోన్ మీద కాదు" అన్నారు అధికారి. గొంతులో వెడల్పు కొంచెం తగ్గింది.

రామినాయుడు బీడీ ఆర్పాడు. "మా గేదె పక్కోడి చేను మేసిందని అప్పట్లో జప్తు చేసినారండి. కట్టెయ్యడానికి ఆళ్ళకి చోటు లేదు. నా కాడే ఉంచి, కాయితం రాయించుకుని ఎల్లిపోనారు. అడిగినప్పుడు చూపించాల. చిక్కిపోకూడదు. రోజూ మేపాల. నా గేదెని నాకే కాపలా పెట్టినారు."

నీలకంఠేశ్వరరావు గారు రామినాయుడి వైపు తిరిగారు. ఎడారిలో నీళ్ళు చూసినవాడి మొహం.

"అది ఏ సంవత్సరము? పూర్వోదాహరణ ఉన్నదన్నమాట."

గేదె పేరు తప్ప మిగతా వివరాలన్నీ గుమాస్తా రాసుకున్నాడు. ఆ మీదట ఉత్తర్వు అధికారి నోటి నుంచి ధారగా వచ్చింది. సదరు ప్రోగ్రామ్ ఈ క్షణం నుండి మండలి వారి జప్తులో ఉన్నది. తుడిచే అర్హత గల ఉద్యోగి నియామకం అగువరకు దాలినాయుడు గారి సంరక్షణలో ఉంచడమైనది. తనిఖీకి వచ్చినప్పుడెల్లా నడుస్తున్న స్థితిలో చూపవలెను. ప్రతిదినము నడిపి చూడవలెను. చెడిపోయినచో, సాక్ష్యము ధ్వంసం చేసిన నేరము.

"ఇప్పటికే సరిగ్గా నడవడం లేదు బాబూ. కొన్ని రోజులు తిట్టదు."

"ఏమి? జప్తులో ఉన్న వస్తువు పనిచేయదా?" ఆయన మొహం మారింది. "బాగుచేయించండి."

"బాగుచెయ్యాలంటే ఇంకొంచెం నేర్చుకోవాలి."

"నేర్చుకొనుట నిషిద్ధము." గుమాస్తా రాసినది ఒకసారి చూసుకున్నారు. "సంరక్షించుట విధి."

"సంరక్షణకి వీడియోలు చూడొచ్చా?"

"సంరక్షణ నిమిత్తము చూడవచ్చును."

"లైబ్రరీలో కంప్యూటరు?"

"సంరక్షణ నిమిత్తము సీలు తీయవలసినదిగా లైబ్రేరియన్‌కు ఆదేశం పంపగలము."

సంతకం పెట్టాను. సాక్షిగా రామినాయుడు పెట్టాడు. నాకేమీ తెలియదని సాక్షి సంతకం పెట్టిన చేత్తోనే, తెలిసింది పోగొట్టుకోకుండా చూస్తానని పూచీ పడ్డాడు. అందులో అతనికి తేడా ఏమీ కనిపించలేదు.

అందరూ జీపెక్కారు. నీలకంఠేశ్వరరావు గారు మాత్రం ఎక్కలేదు. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. జీపు వైపు ఒకసారి చూసుకుని, గుమాస్తా కన్నా గొంతు తగ్గించారు.

"అలాంటిది నాకొకటి రాసిపెడతారా?"

"మీ ఆవిడ లేరా?"

"ఉంది. పిల్లల చదువులని విశాఖలో ఉంటోంది. నాకు ఎప్పుడూ బదిలీలే."

"ఆవిడ ఏమని తిడతారు?"

ఆయన బల్ల మీది సుద్దగీత వైపు చూశాడు. "తిట్టదు. ఫోన్ చేస్తే బాగున్నానంటుంది. మీ ఆవిడవే ఇవ్వండి, పర్వాలేదు."

అప్పటిదాకా ఆ మనిషి నోట మామూలు తెలుగు వినలేదు. ఇంకొకడైతే జాలిపడేవాడు. నేను బస్సులో వేసుకున్న లెక్క ఇంకా మరిచిపోలేదు.

"రాస్తాను బాబూ. ఏ భాషలో రాయమంటారు?"

ఆయన నోరు తెరిచాడు. పైథాన్ అంటే ఇది ఏజెన్సీ కాదు. కోబాల్ అంటే నాకు రాదు, వచ్చినా అనుమతి లేదు. తనకు ఏ భాషా కేటాయించలేదు. నోరు మూసుకున్నాడు. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఉపసంఘం దృష్టికి తీసుకువెళ్ళడం జరుగుతుంది" అన్నాడు.

ఇప్పుడు ఫోన్ రోజూ తిడుతోంది. ఒక్క రోజు తప్పడం లేదు. సంరక్షణ బాగా సాగుతోందని తనిఖీ పుస్తకంలో రాశారు. తనిఖీకి ఆయనే వస్తాడు, బంట్రోతుల్ని తేడు, సరిగ్గా మాత్ర వేళకే వస్తాడు. కుర్చీ వేసి రెండు గ్లాసుల నీళ్ళు పెడతాను. ఫోన్ అందుకుంటుంది. మూడో తిట్టు వరకూ నేను మీట నొక్కను. ఆయన తల వంచుకుని పూర్తిగా వింటాడు, వాళ్ళావిడ ఎదురుగా నిలబడ్డట్టు. మాత్ర వేసుకుంటాడు.

"తేలిందా బాబూ, ఏ భాషో?" అంటాను.

"పరిశీలనలో ఉంది" అంటాడు. గ్లాసు బోర్లించి, జీపెక్కి వెళ్ళిపోతాడు.